కర్మమును నిందించుటకు ముందు

ఒక కార్యము సిద్ధింపనప్పుడు మానవుడు మొదట వెదకునది కారణమును కాదు, నిందింపదగిన వ్యక్తిని. వ్యాపారమున నష్టము వచ్చినచో భాగస్వామిని, పంట పోయినచో వానను, పిల్లవాడు పరీక్ష తప్పినచో ఉపాధ్యాయుని నిందించుట లోకసహజము. ఎవరును దొరకనప్పుడు కర్మము ఉండనే యున్నది. దానిమీద ఎంత భారము మోపినను అది ఎదురుమాట పలుకదు. ఈ అలవాటు మిక్కిలి క్రూరముగా పనిచేయు చోటు సంతానము లేని యిల్లు. అచ్చట నింద రెండు చోట్లకే పోవును. ఒకటి ఇంటి కోడలు. రెండవది ఆమె పూర్వకర్మము. వీధి యరుగుమీద కూర్చుండి సిగరెట్టు కాల్చుచున్న భర్తవైపునకు ఎవరి చూపును పోదు.

ధూమపానము పురుషుని సొంత వ్యవహారమని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. మామూలు దినములలోనే ఈ తలంపు సరియైనది కాదు. దంపతులు బిడ్డకొరకు వైద్యుని ఆశ్రయించిన దినములలో అది ఎంతమాత్రము నిలువదు. ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న ఇది: చికిత్స ఫలింపనప్పుడు "అంతయు కర్మము" అని అనుటకు మనకు అధికారము ఎప్పుడు వచ్చును?

మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములకు సంతానాపేక్ష కొత్త కాదు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1వ తేదీవరకు చిత్తూరు జిల్లాలో ఉండి, ఆనాడు మద్రాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను ఇండ్లలోని తెలుగు మారలేదు, మొక్కులును మారలేదు. తిరుత్తణి కొండ మెట్లు ఎక్కి బిడ్డకై మొక్కుకొను దంపతులను, అమావాస్యనాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటిలో బెల్లము కరగించు కుటుంబములను మన అంగళ్ళముందునుండి పోవుచుండగా నిత్యము చూచుచున్నాము. తిరుత్తణికి సమీపమున అరుంగుళములో ధర్మనాథ తీర్థంకరుని ప్రాచీనాలయము కలదు. జైనధర్మము ఈ నేలకు ఎంత పాతదో అదియే సాక్ష్యము. ఇప్పుడు మొక్కుతోపాటు మరియొక ప్రయాణమును వచ్చి చేరినది. తెల్లవారుజామున చెన్నైకి పోవు రైలులో, చేతిసంచిలో వైద్యపరీక్షల కాగితములు పెట్టుకొని, ఎవరికిని చెప్పకుండ బయలుదేరు దంపతులు మన కుటుంబములలోను ఉన్నారు.

ఆ ప్రయాణము దేనికొరకో పెద్దలకు తెలియవలెను. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ అను బాలిక, తల్లి గర్భమునకు వెలుపల అండమును వీర్యకణమును కలిపిన పద్ధతివలన ప్రపంచమున మొదటిసారిగా జన్మించెను. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన రెండవ బిడ్డ పుట్టెను. ఆయన జీవించియుండగా ఆయన మాటను మన ప్రభుత్వము నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణము తీసికొనెను. అటుపిమ్మట చాలకాలమునకు గాని దేశము ఆయన ఘనతను అంగీకరింపలేదు. దక్షిణదేశమున 1990లో చెన్నై నగరమున డాక్టరు కమలా సెల్వరాజ్ గారి చికిత్సవలన ఇట్టి శిశువు జన్మించెను. నేడు ఐ.వి.ఎఫ్. అను మూడక్షరములు తెలియని ఊరు లేదు. 2021లో కేంద్రప్రభుత్వము ఈ చికిత్సను క్రమపరచుచు ప్రత్యేక చట్టమును గూడ చేసినది.

ఈ చికిత్సలో భారమంతయు స్త్రీమీదనే పడును. పది పండ్రెండు దినములు సూదిమందు వేయించుకొనవలెను. మరల మరల స్కానింగు. పిమ్మట మత్తు ఇచ్చి సూదితో అండములను తీయుదురు. ప్రయోగశాలలో పిండము ఏర్పడిన తరువాత దానిని గర్భాశయమున ప్రవేశపెట్టుదురు. ఆ వెనుక రెండు వారములు ఫలమునకై ఎదురుచూపు. ఒక్కొక్క ప్రయత్నమునకు లక్ష రూపాయలు దాటుట సామాన్యము. పురుషుని వంతునకు వచ్చునది సాధారణముగా ఒక్కనాటి వీర్యనమూనా మాత్రమే. ఇంత తక్కువ శ్రమ అడిగిన చోట, ఆ నమూనాను శుభ్రముగా ఉంచుకొనుటయైనను అతని ధర్మము కాదా?

పొగ ఏమి చేయునో చూతము. సిగరెట్టు పొగలో ఏడువేలకు మించి రసాయనములు కలవు. అవి ఊపిరితిత్తులలోనే నిలిచిపోవు. రక్తముతోపాటు శరీరమంతయు తిరుగును. నికోటిను శరీరములో మార్పుచెంది ఏర్పడు కోటినిను అను పదార్థమును అండము చుట్టునుండు ద్రవములోను, పురుషుని వీర్యములోను వైద్యులు కనుగొనియున్నారు. పొగత్రాగువారిలో వీర్యకణముల సంఖ్యయు కదలికయు తగ్గుట, రూపము చెడుట, వానిలోని వంశసూత్రము తెగుట అధికముగా కనబడును. స్త్రీ విషయమున నష్టము మరియు గొప్పది. ఆడుబిడ్డ తన అండములనన్నిటిని పుట్టుకతోనే తెచ్చుకొనును. తరువాత కొత్తవి పుట్టవు. పొగ ఆ నిలువను త్వరగా కరగించును. పొగత్రాగు స్త్రీలకు ముట్లుడుగుట ఒకటి మొదలు నాలుగు సంవత్సరములు ముందుగా వచ్చును. వారికి చికిత్సలో మందు ఎక్కువ పట్టును, అండములు తక్కువ దొరకును, గర్భస్రావ భయము హెచ్చును. పొగత్రాగువారికి గర్భము నిలుచుటకు త్రాగనివారికంటె దాదాపు రెట్టింపు ప్రయత్నములు కావలసివచ్చుచున్నవని అమెరికాలోని సంతానవైద్యుల సంఘము తేల్చియున్నది.

"మా యింటి స్త్రీలు పొగత్రాగరు గదా, ఈ లెక్క మాకేల?" అని కొందరు అనవచ్చును. మాట నిజమే. మన దేశమున 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో పెద్దవయసు పురుషులలో నూటికి 19 మంది, స్త్రీలలో నూటికి ఇద్దరు మాత్రమే పొగత్రాగుచున్నట్లు తేలినది. కాని అదే సర్వేలో మరియొక అంకె కలదు. పెద్దవారిలో నూటికి దాదాపు 39 మంది తమ యింటిలోనే ఇతరుల పొగను పీల్చుచున్నారు. అనగా మన దేశమున స్త్రీకి అందు పొగలో అధికభాగము ఆమె ముట్టించినది కాదు. 2005లో కెనడా దేశమున వెలువడిన ఒక పరిశీలనలో, తాము త్రాగకపోయినను త్రాగువారితో కాపురము చేయు స్త్రీలకు పిండము గర్భాశయమున నిలుచు పాలు, స్వయముగా త్రాగు స్త్రీలంత తక్కువగానే యుండెను. పొగ సోకనివారితో పోల్చగా అది దాదాపు సగము. 2003లో జర్మనీలో వెలువడిన వేరొక పరిశీలన భర్తలను గురించినది. సామాన్య ఐ.వి.ఎఫ్. పద్ధతిలో భర్త పొగత్రాగనిచో నూటికి 32 మందికి గర్భము నిలువగా, త్రాగినచో 18 మందికే నిలిచెను. అన్ని పరిశీలనలలోను తేడా ఇంత పెద్దదిగా కనబడలేదని గూడ చెప్పుట న్యాయము. అయినను పొగవలన మేలు కలిగినదని చెప్పిన వైద్యుడు లేడు.

ఇక తత్త్వవిచారము. ఏ కార్యమునకైనను ఒక్క కారణమును మాత్రమే చెప్పుట ఏకాంతవాదమని జైనదర్శనము నిరాకరించినది. కాలము, స్వభావము, నియతి, పూర్వకర్మము, పురుషార్థము అను అయిదింటి సమవాయమువలననే కార్యము సిద్ధించునని సిద్ధసేన దివాకరుని కాలమునుండి మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. మామిడి టెంక నాటినవాడు కాలము రాక ఫలము పొందడు. టెంకకు మొలచు స్వభావము లేనిచో కాలము వచ్చియు ప్రయోజనము లేదు. ఇవి యున్నను నీరు పోయనివానికి చెట్టు దక్కదు.

ఈ అయిదింటిని సంతానచికిత్సకు అన్వయింపుడు. స్త్రీ వయస్సు కాలము. ఇరువురి శరీరముల పొందిక స్వభావము. మనకు అందని క్రమము ఒకటి యున్నది, అది నియతి. పూర్వజన్మమున కట్టుకొన్నది కర్మము. మిగిలినది పురుషార్థము, అనగా మన ప్రయత్నము. మొదటి నాలుగింటిలో ఏ ఒక్కటియు ఈనాడు మన చేతిలో లేదు. వయస్సును వెనుకకు త్రిప్పలేము, జన్మాంతరమునకు పోయి కర్మమును దిద్దలేము. అయిదవది మాత్రము పూర్తిగా మనది. అట్టి అయిదవదానిని తన జేబులోని పెట్టెతో తానే పాడుచేసికొనుచు, ఫలము రానప్పుడు నాలుగవదానిని నిందించువాడు కర్మసిద్ధాంతమును నమ్మినవాడు కాడు, దానిచాటున దాగికొన్నవాడు.

తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1926లో ఆక్స్‌ఫర్డులో చేసిన ఉపన్యాసములలో కర్మమును చీట్లాటతో పోల్చిరి. చేతికి వచ్చిన ముక్కలను మనము ఎన్నుకొనలేదు. అవి పూర్వకర్మమువలన వచ్చినవి. కాని వానితో ఎట్లు ఆడవలయునో నిర్ణయించుకొను స్వేచ్ఛ మనదే. జూదమును ఏడు వ్యసనములలో మొదటిదిగా ఎంచు మనకు ఈ ఉపమానము కొంత చేదుగా తోచవచ్చును. అందలి న్యాయము మాత్రము మన అయిదు కారణముల న్యాయమే. మంచి ముక్కలు రాలేదని ఏడ్చువాడు, చేతనున్న ముక్కలను తానే కాల్చివేయకుండ ఉండవలెను గదా.

మరియొక సంగతి. "కోడలి కర్మము" అను మాటకు మన ధర్మమున చోటే లేదు. ప్రతి జీవుడును తన కర్మమును తానే కట్టుకొనును, తానే అనుభవించును. ఒకరి ఆత్మకు ఏ అంతరాయకర్మము పట్టియున్నదో చూడగలవాడు కేవలజ్ఞాని యొక్కడే. వంటయింటి గడపకడ నిలిచి, "ఈ పిల్ల కడుపున కాయ కాచు రాత లేదు" అని చెప్పు అత్తగారికి ఆ జ్ఞానము ఎక్కడనుండి వచ్చినది? సంతానము కలుగకపోవుటకు గల కారణములలో దాదాపు సగము సందర్భములందు పురుషుని వంతును ఉన్నట్లు వైద్యులు చెప్పుచున్నారు. అయినను మొదటి పరీక్షకు కోడలినే పంపుదుము. కొడుకును పరీక్షించుటకు మూడేండ్లు ఆలస్యము చేయుదుము. ఆ మూడేండ్లును కాలము అను మొదటి కారణములోనుండి తరిగిపోవుచున్నవని ఎవరును లెక్క వేయరు. పైసకు పైస సరిపోవువరకు రాత్రి అంగడి తలుపు మూయని వర్తకులకు ఈ లెక్క తెలియకపోవుట వింత.

అనేకాంతము రెండువైపుల పదునుగల కత్తి. చికిత్స విఫలమైన ప్రతియింటను భర్త సిగరెట్టే కారణమని తీర్పు చెప్పుటయు ఏకాంతవాదమే. జన్మలో పొగ ముట్టని దంపతులకు గూడ అయిదుసార్లు ప్రయత్నించి ఫలింపకపోవుట కలదు. దినమునకు కట్ట బీడీలు కాల్చినవానికి ఎనమండుగురు పిల్లలు కలుగుటయు కలదు. "మా తాతగారు చుట్ట వదలలేదు, పదిమందిని కన్నారు" అను మాట ప్రతి కుటుంబమునను విందుము. ఆ మాటలో అబద్ధము లేదు. అందునుండి తీయు సిద్ధాంతము మాత్రము తప్పు. దీపము లేక చీకటిలో మెట్లు దిగిన ప్రతివాడును పడడు. అంతమాత్రమున దీపము అనవసరమని ఎవరును అనరు. పైగా పదిమందిని కన్న తాతగారికి వైద్యుని అవసరమే కలుగలేదు. ఆయన మనుమడు కలుగవలసినదానికంటె తక్కువ అవకాశముతో బయలుదేరినవాడు. ఉన్న కొంచెమును పోగొట్టుకొనుట నిండుగా ఉన్నవాడు కొంత పోగొట్టుకొనుటవంటిది కాదు. వైద్యుడు చెప్పునది "కావచ్చును", "అవకాశము తగ్గును" అను భాషలో. స్యాద్వాదమును వినియున్న మనకు ఆ భాష కొత్త కారాదు. "తప్పక జరుగును" అని వైద్యుడు చెప్పలేదు కనుక "జరుగనే జరుగదు" అని మనము అర్థము చేసికొనరాదు.

ఇప్పుడు హింసను గురించి. ఉమాస్వాతి చెప్పిన ప్రకారము హింసకు మూలము ప్రమాదము, అనగా అజాగ్రత్త. కత్తి పట్టుటయే హింస కాదు. తెలిసికొనదగినదానిని తెలిసికొనక, మానదగినదానిని మానక, ఇతర ప్రాణమునకు బాధ కలుగునట్లు నడచుటయు హింసయే. దారిలో చీమ నలుగునేమో అని చూచి అడుగుపెట్టు సంప్రదాయము మనది. చీకటిపడిన తరువాత దీపమున పురుగు పడునేమో అని సూర్యాస్తమయమునకు ముందే భుజించు కుటుంబములు ఇంకను ఉన్నవి. అట్టి యింటిలో, గర్భాశయమున నిలువవలెనా వద్దా అని తడబడుచున్న ఒక జీవునిమీద పొగ వదలుట ఏ అహింస? ఈ చికిత్సయే మన ధర్మమునకు తగునా తగదా అను చర్చ వేరుగా కలదు. అందలి అభిప్రాయభేదములను నేను ఇచ్చట తీర్చబోను. కాని చికిత్సకు ఒప్పుకొన్నవానికి మాత్రము ఒక బాధ్యత తప్పదు. తక్కిన బిడ్డలు రమ్మనకయే వత్తురు. ఈ బిడ్డను మనము లక్షలు వెచ్చించి, ఒక స్త్రీ శరీరమునకు ఇంత నొప్పి కలిగించి, పిలిచి తెచ్చుకొనుచున్నాము. అతిథిని పిలిచి ఇల్లంతయు పొగ నింపి కూర్చుండువానిని లోకము ఏమనును?

"నేను ఇంటిలో త్రాగను, అంగడికడనే త్రాగుదును" అను సమాధానము ఒకటి వినబడుచుండును. ఇంటిలో త్రాగకపోవుట కొంత మేలే. కాని పొగ బట్టలకును తలవెండ్రుకలకును పట్టి యింటికి వచ్చును. అంతకంటె ముఖ్యముగా, వీర్యము తయారగునది ఇంటిలోను కాదు, అంగడిలోను కాదు, త్రాగువాని శరీరములో. అక్కడికి పొగ ఎచ్చటినుండి పోయినను ఒక్కటియే. బీడీ సిగరెట్టుకంటె మెత్తనిదని, నమలు పొగాకులో పొగయే లేదని చెప్పుకొనుటయు ఇట్టిదే. పొగాకు ఏ వేషమున వచ్చినను వీర్యమునకు మేలు చేయదు.

ధూమపానము మన సప్తవ్యసనములలో లేదు గదా అని వాదించువారును కలరు. లేకపోవుటకు కారణము శాస్త్రకారుల అనుమతి కాదు, కాలము. పొగాకు అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలమీద మన దేశమునకు వచ్చినది. జహంగీరు చక్రవర్తి 1617లోనే దానిని నిషేధింప ప్రయత్నించెను. ఏడు వ్యసనములను లెక్కించిన పెద్దలు ఆ ఆకును చూడనే లేదు. అయితే వారు శ్రావకునికి విధించిన గుణవ్రతములలో అనర్థదండ విరమణము కలదు. ప్రయోజనము లేని హింసను మానుమనుట దాని భావము. వంటకు నిప్పు రాజేయుటలో అగ్నికాయ జీవులకు బాధ యున్నను ఆకలి తీరును. సిగరెట్టుకు నిప్పు ముట్టించుటలో ఏమి తీరును? అది తెచ్చిన కోరికను అదియే ఒక గంట తీర్చును, మరల అదియే తెచ్చును. అనర్థదండమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. మన తెలుగువారు కన్యాశుల్కములోని గిరీశము చుట్టను మెచ్చి నవ్వుకొనుచు వచ్చిరి. నాటకమున నవ్వు మంచిదే. ఆసుపత్రి వరండాలో ఆ నవ్వు రాదు.

వర్తకులమైన మనకు ఇంకొక మెట్టు కలదు. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేయువానిని చూచి సమ్మతించుట అను మూడును కర్మబంధమునకు ద్వారములని మనము చిన్ననాటినుండి విన్నాము. కొడుకు పొగత్రాగుచుండగా తండ్రి మౌనముగా ఉండుట సమ్మతి. అతిథి మర్యాదకని పెండ్లిపందిరిలో సిగరెట్టు పళ్ళెము త్రిప్పుట చేయించుట. మరి అంగడి బల్లమీద సిగరెట్టు పెట్టెలు పేర్చి అమ్ముట? ఉపాసకదశాంగమున శ్రావకునికి నిషిద్ధములైన పదునైదు కర్మాదానములలో విషవాణిజ్యము ఒకటి. ప్రతి పెట్టెమీద ఎనుబదియైదు పాళ్ళు హెచ్చరికచిత్రము అచ్చువేయవలెనని 2016నుండి చట్టము అమలగుచున్నది. తానే విషమని తన నెత్తిన వ్రాసికొని వచ్చు సరుకును విషము కాదని వాదించుట కష్టము. కిరాణా అంగడిలో సిగరెట్టు లేనిచో గిరాకీ పక్క అంగడికి పోవునను భయము నిజమైనదే. చిన్న అంగడివానికి అది చిన్న నష్టమును కాదు. అయినను ఆ లాభమును ఏ ఖాతాలో జమకట్టవలెనో ఒక్కసారి ఆలోచింపవలెను. తన కొడుకు కోడలి చికిత్సకు చెన్నైలో కట్టు డబ్బులో, మరియొకరి కొడుకునకు అమ్మిన పెట్టెల లాభము కలిసియుండుట ఏ తండ్రికైనను ఇష్టమా?

ఈ విషయమున ప్రభుత్వము ఏమి చేయవలెననునది మరియొక ప్రశ్న. స్కాట్లండు దేశమున ప్రభుత్వవ్యయముతో ఈ చికిత్స పొందగోరు దంపతులు, ఇరువురును, కనీసము మూడు మాసములు ముందుగా పొగ మానియుండవలెనను నియమము కలదు. అది న్యాయమే అని కొందరు, బలహీనునికి శిక్ష అని కొందరు. రెండు పక్షములలోను సత్యాంశము కలదు. నికోటిను వ్యసనము సంకల్పబలము లేనివారి దోషము మాత్రమే కాదు; అది మెదడును పట్టు రోగము. రోగిని రోగి యనుచునే తలుపు మూయుట కఠినము. అయితే ఆ నియమములో గమనింపదగిన మాట "ఇరువురును" అనునది. భార్యను మాత్రమే కాదు, భర్తను గూడ చికిత్స పొందువానిగా అది ఎంచినది. మన మార్గము శిక్షది కాదు, వ్రతముది. పైనుండి మోపిన నియమము తనిఖీ లేనిచోట తప్పును. తాను కోరి పట్టిన వ్రతము ఒంటరిగా ఉన్నప్పుడు గూడ నిలుచును. ఆచార్య తులసి 1949లో ఆరంభించిన అణువ్రతోద్యమమున వ్యసనత్యాగమును చేర్చుటలో ఉద్దేశము ఇదియే.

వ్రతమునకు కాలపరిమితిని ప్రకృతియే ఇచ్చినది. వీర్యకణము పుట్టి పక్వమగుటకు సుమారు రెండున్నర మాసములు పట్టును. అందుచేతనే చికిత్సకు కనీసము మూడు మాసములు ముందుగా మానుమని వైద్యులు చెప్పుదురు. ఈనాడు మానినవాని శరీరమున మూడు మాసములకు ఏర్పడు కణములు పొగ ఎరుగనివి. ఇంత స్పష్టముగా, ఇంత త్వరగా ఫలము చూపు పురుషార్థము జీవితమున అరుదు. చాతుర్మాస్యమున నాలుగు నెలలు ఆకుకూరలను మానగలవారు మూడు నెలలు ఈ ఒక్క ఆకును మానలేరా? మొదటి వారము కష్టము. చిరాకు, తలనొప్పి, నిద్రలేమి వచ్చును. అప్పుడు ఇంటివారు ఎగతాళి చేయరాదు. మాటిమాటికి వాసన చూచి పరీక్షింపను రాదు. వైద్యుని సలహాతో మందులు కలవు. మాన్పించుటకై కేంద్రప్రభుత్వము నడపు ఉచిత దూరవాణి 1800-112-356 కలదు. ఒకసారి జారినవాడు వ్రతము చెడినదని విడిచిపెట్టక ప్రాయశ్చిత్తము చేసికొని మరల మొదలుపెట్టవచ్చును. ప్రతిక్రమణము మనకు నేర్పినది అదియే గదా.

భార్యను గూర్చి ఒక మాట. భర్త పొగ మానకున్నను మాన్పించు భారమును గూడ ఆమెమీదనే వేయుట మన యిండ్లలో జరుగుచున్నది. "నీవు చెప్పరాదా అమ్మా, వాడు నీ మాట వినును" అని అత్తగారు అనును. చెప్పినచో గయ్యాళి, చెప్పనిచో శ్రద్ధలేనిది. సూదులు ఆమెవి, ఎదురుచూపు ఆమెది, ఓటమి ఆమెది. మందలింపు గూడ ఆమె వంతేనా? కొడుకుతో మాటాడవలసినవాడు తండ్రి. అల్లునితో మాటాడవలసినవాడు మామగారు. స్నేహితునికి చెప్పవలసినవాడు పక్క అంగడి స్నేహితుడు. పురుషులు పురుషులతో మాటాడవలసిన మాటను స్త్రీలచేత పలికించుట పిరికితనము.

ఇవన్నియు చేసిన పిదపను చికిత్స ఫలింపకపోవచ్చును. భర్త పొగ మానెను, వైద్యుడు చెప్పినదంతయు జరిగెను, అయినను గర్భము నిలువలేదు. అయిదు కారణములలో మనది ఒకటి మాత్రమే. దానిని నెరవేర్చినంత మాత్రమున తక్కిన నాలుగును మనకు లొంగవు. అట్టి దినమున కర్మమను మాటకు దాని అసలు ప్రయోజనము వచ్చును. అప్పుడు భర్త భార్యతో "మనము చేయవలసినది చేసితిమి" అని చెప్పగలడు. ఆ మాటలో దోషి లేడు, దోషురాలును లేదు. ఆ తరువాత మరల ప్రయత్నింతురో, అనాథబిడ్డను చట్టప్రకారము దత్తత తీసికొందురో, ఇద్దరే తమ జీవితమును సేవలో గడుపుదురో అది వారి నిర్ణయము. సమాజము అందు తలదూర్పరాదు. కర్మము అను మాట తన్ను తాను ఊరడించుకొనుటకు ఏర్పడినది, ఎదుటివారిని నిందించుటకు కాదు. జేబులో సిగరెట్టు పెట్టె ఉన్నంతవరకు ఆ ఊరడింపునకు గూడ మనకు అర్హత లేదు.